చౌక కాలేజీకి మారితే అప్పు తగ్గుతుందా?

డిసెంబరులో ఫాల్ సెమిస్టర్ ముగిసేసరికి, అమెరికాలో ఎమ్మెస్ చదివే మన పిల్లలు కలిసుండే అద్దె ఇళ్లలో రాత్రి వంట దగ్గర ఒక మాట వినిపిస్తుంది: ‘ట్రాన్స్‌ఫర్ పెట్టుకుందామా?’ ఇక్కడ క్రెడిట్‌కు 1,000 డాలర్లు, పక్క రాష్ట్రంలో 600. నాన్న ఇల్లు తనఖా పెట్టి తెచ్చిన లోను గుర్తొచ్చే పిల్లలకు ఆ 400 చిన్న తేడా కాదు.

40 లక్షల లోను మొత్తం తీసుకుని, వడ్డీ 11 శాతమనుకుంటే ఏడాదికి 4.40 లక్షలు. నెలకు దాదాపు 36,700 రూపాయలు. చదువయ్యాక ఏడాది దాకా వాయిదా కట్టనక్కర్లేదని బ్యాంకు చెబుతుంది. వడ్డీకి మాత్రం ఆ విరామం లేదు, తొలి విడత డబ్బు చేతికొచ్చిన రోజు నుంచే అది పెరుగుతూ ఉంటుంది.

ఇంతకీ మారితే ఎంత మిగులుతుంది? కాగితం మీద వేసి చూడాల్సిందే. డిగ్రీకి 30 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 9 చొప్పున చదువుతున్న విద్యార్థిని తీసుకుందాం. మొదటి సెమిస్టర్ కాగానే మారి, కొత్త కాలేజీ ఆ తొమ్మిదింటినీ ఒప్పుకుంటే మిగిలిన 21కి 12,600 డాలర్లు చాలు. ఉన్నచోటే ఉంటే 21,000. అంటే 8,400 డాలర్లు మిగులు. ఇది నిజమైన లాభం.

అదే విద్యార్థి రెండు సెమిస్టర్లు, 18 క్రెడిట్లు అయ్యాక మారాడనుకోండి. ఎమ్మెస్‌లో చాలా యూనివర్సిటీలు బయటి క్రెడిట్లు ఆరో తొమ్మిదో తప్ప తీసుకోవు. తొమ్మిదే లెక్కలోకొస్తే మళ్లీ 21 చదవాలి, 12,600 కట్టాలి. కదలకుండా ఉంటే మిగిలింది 12 క్రెడిట్లు, 12,000 డాలర్లు. చౌకనుకున్న కాలేజీయే ఖరీదైంది! పైగా ఇంకో సెమిస్టర్ అద్దె, తిండి, ఇన్సూరెన్సు, ఇంటి దగ్గర వడ్డీ. ఉద్యోగం కూడా ఆ మేరకు వెనక్కే.

ఫీజు ఒక్కటే చూసి, లేదా మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చన్న మాట నమ్మి మారడంలో ఇంతకన్నా పెద్ద ప్రమాదముంది. 2011 జనవరిలో వీసా మోసం కేసులో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద అధికారుల దాడులు జరిగినప్పుడు చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. 2019లో బయటపడిన మిషిగన్ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అమెరికా అధికారులే వల పన్నడానికి పెట్టిన బూటకపు సంస్థ. మంచి కాలేజీలను వదిలి అందులో చేరినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇళ్లలో అప్పు అలాగే మిగిలింది, డిగ్రీ మాత్రం రాలేదు.

అందుకే డిపాజిట్ కట్టకముందే కొత్త కాలేజీ నుంచి ఒక మెయిల్ తెప్పించుకోవాలి: ఏ కోర్సులు ఒప్పుకుంటారు, మొత్తం ఎన్ని క్రెడిట్లు? కన్సల్టెన్సీ నోటిమాట పనికిరాదు. లోనిచ్చిన బ్యాంకునూ ముందే అడగాలి, ఎందుకంటే మంజూరు పత్రంలో ఉన్నది పాత కాలేజీ పేరు. ఆ తర్వాతే అమెరికా ప్రభుత్వం విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే సెవిస్‌లోని రికార్డు బదిలీకి తేదీ పెట్టించుకోవాలి. ఆ తేదీ వచ్చేలోపు మనసు మారితే పాత కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు చెప్పి ఆపుకోవచ్చు. తేదీ దాటిందా, రికార్డు కొత్త కాలేజీ చేతికి వెళ్లిపోతుంది.