పైన ఖాళీలెన్ని? ఆస్ట్రేలియా అండర్-20 రగ్బీ లీగ్ పదేళ్ల లెక్క

16 క్లబ్బులు. ఒక్కో జట్టుకు మైదానంలో 13 మంది, బెంచీ మీద నలుగురు. అన్ని జట్లూ బరిలో ఉన్న వారాంతంలో ఆడే కుర్రాళ్లు మొత్తం 272 మంది. ఎన్‌ఆర్‌ఎల్ (ఆస్ట్రేలియా జాతీయ రగ్బీ లీగ్) 2008లో మొదలుపెట్టి 2017తో ముగించిన అండర్-20 పోటీ ఎందుకు నిలవలేదో తెలుసుకోవాలంటే ఈ సంఖ్య దగ్గరే మొదలుపెట్టాలి. ఎందుకంటే వీళ్లంతా చేరాలనుకున్న సీనియర్ పోటీలోనూ అప్పట్లో అవే 16 క్లబ్బులు, అవే 272 స్థానాలు. కింది మెట్టు మీద ఉన్నవాళ్లు ఇరవై దాటగానే దిగిపోవాలి. పై మెట్టు మీద ఉన్నవాళ్లు ముప్పై దాటినా ఆడుతూనే ఉంటారు.

రగ్బీ అనగానే గుర్తొచ్చే 15 మంది ఆట వేరు. రగ్బీ లీగ్‌లో, కబడ్డీలో రైడర్‌ని పట్టి ఆపినట్టే, బంతి పట్టుకున్నవాణ్ని ఆపితే అది ఒక టాకిల్. ఆరు టాకిళ్లలో పని పూర్తికాకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు తాకిస్తే ట్రై, దానికి 4 పాయింట్లు, ఆపైన గోల్ కొడితే 2, అప్పట్లో ఆట మధ్యలో కొట్టే ఫీల్డ్ గోల్‌కు 1.

కుర్రాళ్ల మ్యాచ్‌లు చాలావరకు సీనియర్ల మ్యాచ్‌కు ముందు అదే స్టేడియంలో జరిగేవి. పాయింట్లు కుప్పలుగా వచ్చేవి. 2010 ఫైనల్ స్కోరు 42-28, రెండు జట్లవీ కలిపి 70. ఆ ఏడాది సీనియర్ల ఫైనల్లో 40. 2012లో 52, సీనియర్లలో 18. 2013లో 72, సీనియర్లలో 44. 2017 ఒక్కటే దాదాపు సమానం: 38, 40. చూసేవాళ్లకు ఇది పండగే. కోచ్‌ల బెంగ వేరు. సీనియర్ ఆటలో మ్యాచ్‌ని నిలబెట్టేది డిఫెన్స్. ఆ ఓపిక ఇక్కడ అలవడటం లేదన్న విమర్శ ఏటేటా బలపడింది.

ఆక్లాండ్ క్లబ్బు న్యూజిలాండ్ వారియర్స్ సంగతి చూడండి. పది టైటిళ్లలో మూడు (2010, 2011, 2014) ఆక్లాండ్ కుర్రాళ్లవే. 2011 ఫైనల్ 30-30 దగ్గర ఆగి, అదనపు సమయంలో ముందు పాయింట్ సాధించిన జట్టే గెలిచే గోల్డెన్ పాయింట్‌లో 31-30గా తేలింది. 2010 జట్టులోని షాన్ జాన్సన్ మరుసటి ఏడాదే సీనియర్ ఫైనల్ ఆడాడు. కానీ 1995లో లీగ్‌లో చేరిన ఆ క్లబ్బుకు సీనియర్ కప్పు ఇంకా ఒక్కటీ రాలేదు. కుర్రాళ్ల కప్పులతో సీనియర్ జట్టు తయారైపోదనడానికి ఇంతకంటే గట్టి రుజువు నాకు కనిపించలేదు.

ఖర్చు సరేసరి. ఆక్లాండ్ నుంచి సిడ్నీకి రెండు వేల కిలోమీటర్లకు పైనే. టౌన్స్‌విల్, మెల్‌బోర్న్ జట్లదీ దూర ప్రయాణమే. పద్దెనిమిదేళ్ల పిల్లలు ఇల్లు వదిలి దూరపు నగరాలకు వెళ్లి, చదువో పనో సంబాళించుకుంటూ ఆడేవాళ్లు. వాళ్ల మానసిక ఆరోగ్యం గురించిన చర్చ కూడా ఆ ఏళ్లలోనే గట్టిగా వినిపించింది. నా దృష్టిలో డబ్బు కంటే ఇదే పెద్ద కారణం కావాలి.

2018లో అధికారులు రాష్ట్రాలవారీ పోటీల పాత దారికే మళ్లారు. సిడ్నీలో వయసువారీ కప్పుల సంప్రదాయం దశాబ్దాలది: జెర్సీ ఫ్లెగ్ కప్ 1961లో, ఎస్.జి. బాల్ కప్ 1965లో, హెరాల్డ్ మాథ్యూస్ కప్ 1970లో పుట్టాయి. మూడూ ఆటను నడిపిన పెద్దల పేర్లే. ఫ్లెగ్ 1908లో ఈస్టర్న్ సబర్బ్స్ క్లబ్బు తొలి కెప్టెన్; తర్వాత దశాబ్దాల పాటు న్యూ సౌత్ వేల్స్ రగ్బీ లీగ్‌కు అధ్యక్షుడు. 1960లో ఆయన పోయారు, మరుసటి ఏడాదే కప్పు మొదలైంది. ఇప్పుడు మాథ్యూస్ కప్ అండర్-17, బాల్ కప్ అండర్-19, ఫ్లెగ్ కప్ అండర్-21. మెట్టుకీ మెట్టుకీ మధ్య రెండేళ్లు. క్వీన్స్‌లాండ్‌కు దాని పోటీలు దానికున్నాయి. ఫ్లెగ్ కప్ దాటిన కుర్రాడికి సీనియర్ జట్టులో చోటు లేకపోతే రాష్ట్ర స్థాయి కప్ ఉంది.

అమ్మాయిలకు తార్షా గేల్ కప్ ఉంది, అండర్-19. వాళ్ల పైమెట్టు మాత్రం మెల్లగా వెడల్పవుతూ వచ్చింది. 2018లో మహిళల ఎన్‌ఆర్‌ఎల్ 4 జట్లతో మొదలైంది, అంటే మ్యాచ్ రోజున 68 స్థానాలు. 2025లో 12 జట్లు, 204 స్థానాలు.