శొంఠి బిస్కట్లు

గుంటూరు, ప్రకాశము జిల్లాల మైదానములు పత్తికిని, మిరపకును పేరు పొందినవి. మాఘ, ఫాల్గుణ మాసములలో ఆ ప్రాంతమున ప్రయాణము చేయువారికి కళ్ళములలో ఎండబోసిన మిరపకాయలు ఎఱ్ఱని తివాసీలు పరచినట్లు కానవచ్చును. అయితే ఈ నేలలు ఎల్లకాలము పత్తికిని, మిరపకును మాత్రమే పరిమితమై యుండలేదు. ఒకప్పుడు ఇచ్చటి మెట్టచేలలో జొన్న, సజ్జ, కొఱ్ఱ, వరిగ, రాగి విరివిగా పండెడివి. జొన్నన్నము, సజ్జరొట్టె, రాగిసంకటి రైతుకుటుంబములకు నిత్యాహారముగా నుండెను. 1967వ సంవత్సరములో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిన పిదప, కుడికాలువ క్రింది భూములలో పంటల తీరు మారినది. వరి, పత్తి, మిరప విస్తరించినవి. చేనిలో తగ్గిన చిరుధాన్యము క్రమముగా వంటయింటిలోను తగ్గినది.

ఆ మార్పు పిల్లల చిరుతిండిలో స్పష్టముగా కనబడుచున్నది. నువ్వులుండలు, సజ్జబూరెలు, వేరుసెనగ ఉండలు తిను చోట నేడు బిస్కట్ల పొట్లము వచ్చి చేరినది. బిస్కట్టు తినుట తప్పు కాదు. కాని సామాన్యముగా దానిలో అధికభాగము మైదాపిండి, పంచదార, గడ్డకట్టిన క్రొవ్వు అను మూడే యుండును. ఈ మూడింటిని మార్చి, శొంఠి చేర్చి, ఇంటిలోనే రుచియు బలమును గల బిస్కట్లను చేసికొనవచ్చును. మార్చుటకు ముందు మాత్రము ఒక్క విషయమును తెలిసికొనవలెను. బిస్కట్టులో ఏ వస్తువు ఏ పని చేయుచున్నది? ఒక పనివానిని తొలగించినచో అతని పనిని మఱియొకరికి అప్పగింపవలెను గదా! వంటకును ఇదియే న్యాయము.

బిస్కట్టు అను మాటకు మూలము లాటిను భాషలో నున్నది. రెండుసార్లు కాల్చినది అని దాని యర్థము. పూర్వము ఓడలలో నెలలకొలది ప్రయాణము చేయు నావికులకు చెడిపోని ఆహారము అవసరమయ్యెను. ఒకసారి కాల్చిన రొట్టెను మరల కాల్చి ఆరబెట్టినచో దానిలోని తేమ పోవును. తేమ లేనిచోట బూజు పెరుగదు. ఈ యెండురొట్టె కాలక్రమమున తీపిని, సుగంధద్రవ్యములను చేర్చుకొని నేటి బిస్కట్టుగా మారినది. ఆసియా నుండి వర్తకులు కొనిపోయిన శొంఠి ఐరోపా దేశములలో తీపిరొట్టెలకును, బిస్కట్లకును ప్రియమైన ద్రవ్యమయ్యెను. జర్మనీ దేశమందలి న్యూరెంబర్గు నగరము సుగంధద్రవ్యములు చేర్చిన తీపిరొట్టెలకు కొన్ని శతాబ్దములుగా ప్రసిద్ధము. ఇంగ్లాండులో తేనీటితోపాటు శొంఠి బిస్కట్టు తినుట వాడుక. ఇట్లు తూర్పుదేశముల శొంఠి సముద్రములు దాటి, బిస్కట్టు రూపమున మరలి వచ్చినది.

తెలుగువారికి శొంఠి క్రొత్తది కాదు. శొంఠి లేని కషాయము లేదని సామెత. అజీర్ణమునకు శొంఠిపొడి అన్నములో కలిపి తినుట, జలుబునకు శొంఠికాఫీ త్రాగుట పల్లెలలో నేటికిని కలదు. అల్లము పండుటకు నీరు నిలువని నేల, తేమ గల గాలి, కొంత నీడ కావలెను. అందుచేత గుంటూరు సీమలోని నల్లరేగడి నేలలు దానికి అంతగా అనుకూలింపవు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, అరకు ప్రాంతముల కొండవాలులలో అది బాగుగా పండును.

పచ్చి అల్లమునకు ఘాటు నిచ్చు పదార్థమునకు జింజరాల్ అని పేరు. అల్లము ఎండునప్పుడు ఆ పదార్థములో కొంతభాగము షోగాల్ అను మఱియొక పదార్థముగా మారును. షోగాల్ జింజరాల్ కంటె ఘాటైనది. శొంఠి పచ్చి అల్లముకంటె తీక్ష్ణముగా నుండుటకు ఇదియే కారణము. పచ్చి అల్లము పిండిలో తేమను పెంచును. శొంఠిపొడి తేమను చేర్చక, కొంచెముతోనే ఎక్కువ రుచి నిచ్చును. కావున బిస్కట్లకు శొంఠియే తగినది.

మిరపకాయకు కారము నిచ్చునది కాప్సైసిన్ అను పదార్థము. నోటిలో వేడిని గుర్తించు నాడీతంతువులపై ఒక గ్రాహకము కలదు. కాప్సైసిన్ ఆ గ్రాహకమును తాకినప్పుడు నిజమైన వేడి లేకపోయినను నోరు మండుచున్నట్లు తోచును. అల్లమునందలి ఘాటైన పదార్థములును ఆ గ్రాహకమునే తాకును. అమెరికా శాస్త్రజ్ఞుడైన డేవిడ్ జూలియస్, ఆయన సహచరులు 1997లో కాప్సైసిన్ సహాయముతోనే ఈ గ్రాహకమును గుర్తించిరి. వేడి, స్పర్శ మొదలగువానిని గుర్తించు గ్రాహకములను కనుగొన్నందులకు జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ అను మఱియొక శాస్త్రజ్ఞునితో కలిసి 2021లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము నందెను. గుంటూరు మిరపకాయయు, మన్యపు శొంఠికొమ్మును నాలుకకు ఇంత దగ్గరి చుట్టములు!

ఇక పిండి సంగతి. గోధుమ గింజ యొక్క పైపొట్టును, మొలకభాగమును తీసివేయగా మిగిలిన తెల్లని భాగమే మైదా. తీసివేసిన భాగములతోపాటు పీచును, ఖనిజలవణములలో చాలవంతును పోవును. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహారపదార్థముల పట్టికలను చూచినచో ఈ భేదము తెలియును. 100 గ్రాముల మైదాలో ఇనుము 2 మిల్లీగ్రాములకు తక్కువ. సజ్జలలో 6 మిల్లీగ్రాములకు మించి యుండును. సున్నపుధాతువు మైదాలో సుమారు 20 మిల్లీగ్రాములు కాగా, రాగులలో సుమారు 360 మిల్లీగ్రాములు కలదు. ఆంధ్రప్రదేశములో సగమునకు మించిన స్త్రీలు రక్తహీనతతో బాధపడుచున్నారని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. తమ తాతముత్తాతల చేలలో పండిన గింజను వదలి, సత్త్వము తీసిన పిండిని తినుట ఎంత నష్టమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

అయితే మైదా చేయు పనియు ఒకటి కలదు. గోధుమపిండిని తడిపినప్పుడు అందులోని మాంసకృత్తులు సాగునట్టి జిగురుగా నేర్పడి పిండిని పట్టి యుంచును. సజ్జ, రాగి, కొఱ్ఱ పిండ్లలో ఈ జిగురు లేదు. అందుచేతనే సజ్జరొట్టెను కర్రతో వత్తక చేతితో తట్టుదురు. వానితో పొంగు రొట్టెను చేయుట కష్టము. బిస్కట్టు మాత్రము సాగనవసరము లేదు. కొరికినంతనే పెళుసుగా విరుగవలెను. రొట్టెకు లోపమైనది బిస్కట్టునకు గుణమైనది. సగము సజ్జపిండియు, సగము పొట్టు తీయని గోధుమపిండియు కలిపినచో విరిగిపోకుండునంత పట్టు, కావలసినంత పెళుసుదనము రెండును లభించును. హైదరాబాదునందలి భారతీయ చిరుధాన్య పరిశోధన సంస్థ చిరుధాన్యములతో బిస్కట్లు చేయు పద్ధతులను రూపొందించినది. భారతదేశము సూచింపగా ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించినది.

సజ్జపిండిని గూర్చి ఒక జాగ్రత్త అవసరము. సజ్జలలో నూనె ఎక్కువ. విసరిన కొలది దినములలోనే పిండి చేదెక్కును. గింజలను దోరగా వేయించి, ఏ వారమునకు కావలసిన పిండిని ఆ వారమే విసరుకొనుట మేలు.

పంచదారకు బదులు బెల్లమును వాడవచ్చును. బెల్లములో స్వల్పముగా ఖనిజములున్నవి. రంగును, కమ్మని వాసనయు నిచ్చును. దానికి కొంచెము ఆమ్లగుణమున్నందున వంటసోడాతో కలిసినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టి బిస్కట్టును గుల్లబరచును. కాని బెల్లమును తినినచో తీపివలన కలుగు హాని లేదని తలచుట పొరపాటు. బెల్లములోను అధికభాగము చక్కెరయే. నిజమైన లాభము వస్తువును మార్చుటలో కంటె కొలతను తగ్గించుటలో నున్నది. రుచి నిచ్చు భారమును శొంఠి, ఏలకులు కొంత మోయును గనుక తీపిని తగ్గించినను నాలుకకు లోటు తోచదు.

మూడవది క్రొవ్వు. క్రొవ్వు పిండిరేణువుల చుట్టును పొరవలె కప్పుకొని, జిగురు ఎక్కువగా ఏర్పడకుండ అడ్డగించును. బిస్కట్టు నోటిలో కరగుటకు కారణమిదియే. బజారు బిస్కట్లలో ఇందులకు వనస్పతివంటి గట్టి క్రొవ్వులను వాడుట చిరకాలముగా నున్నది. వీని చరిత్రలో పత్తిచేనికి సంబంధము కలదు. ద్రవరూపమున నున్న నూనెను ఉదజనివాయువుతో గట్టిపరచు పద్ధతికి జర్మనీ శాస్త్రజ్ఞుడైన విల్‌హెల్మ్ నార్మన్ 1902లో హక్కు పొందెను. 1911లో అమెరికాలో పత్తిగింజల నూనెను ఇట్లు గట్టిపరచి, వంటకై క్రిస్కో అను పేరుతో అమ్మిరి. బట్టకై పెంచిన మొక్క ఆ విధముగా వంటయింటిలో ప్రవేశించినది. నూనెను అసంపూర్ణముగా గట్టిపరచినప్పుడు ట్రాన్స్ క్రొవ్వులు పుట్టుననియు, అవి హృదయమునకు కీడు చేయుననియు తరువాత తెలిసినది. నూనెలలోను, క్రొవ్వులలోను ట్రాన్స్ క్రొవ్వు నూటికి 2 పాళ్ళను మించరాదను నియమము భారతదేశమున 2022 జనవరి 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. ఇంటిలో వెన్న కాచిన నేతిని వాడినచో ఈ చిక్కు చాలవఱకు తప్పును. అయినను నెయ్యియు క్రొవ్వే. దానినిగూడ మితముగనే వాడవలెను.

బిస్కట్లు చేయు విధానమిది. 100 గ్రాముల సజ్జపిండి, 100 గ్రాముల గోధుమపిండి, 2 చిన్న చెంచాల శొంఠిపొడి, 4 ఏలకుల పొడి, పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి జల్లించవలెను. వేఱొక పాత్రలో 90 గ్రాముల మెత్తని బెల్లపుపొడిని 80 గ్రాముల పేరిన నేతితో బాగుగా కలియబెట్టవలెను. అందులో పిండిని చేర్చి, 2 లేక 3 పెద్ద చెంచాల పాలు చిలకరించుచు ముద్ద చేయవలెను. ఎక్కువగా పిసుకరాదు, పిసికినకొలది జిగురు పెరిగి బిస్కట్లు గట్టిపడును. ముద్దను పావుగంట మూసి యుంచినచో సజ్జపిండి పాలను పీల్చుకొనును. పిదప అర సెంటీమీటరు మందమున వత్తి, చిన్న మూతతో గుండ్రముగా కోయవలెను. 24 బిస్కట్లగును.

ఓవెను ఉన్నచో 170 డిగ్రీల వేడిలో పావుగంట మొదలు 18 నిమిషముల వఱకు కాల్చిన చాలును. లేనివారు దళసరి గిన్నెలో రెండంగుళముల మందమున ఇసుకను గాని ఉప్పును గాని పోసి, దానిపై చిన్న పీటను అమర్చి, మూతపెట్టి, సన్నని సెగపై పది నిమిషములు వేడిచేయవలెను. తరువాత నెయ్యి రాచిన పళ్ళెములో బిస్కట్లను పేర్చి లోపల నుంచినచో సుమారు అరగంటలో కాలును. పొయ్యి దగ్గర పెద్దలు తప్పక ఉండవలెను. బెల్లము, సజ్జపిండి మొదటినుండియు గోధుమవన్నెగా నుండుటచే రంగును చూచి కాలినది లేనిది నిర్ణయింపరాదు. అంచును తాకినప్పుడు గట్టిగాను, నడుమ కొంచెము మెత్తగాను ఉన్నచో దింపవచ్చును. చల్లారినప్పుడు బెల్లము బిగిసి అవి పెళుసెక్కును. బెల్లము గాలిలోని తేమను పీల్చు స్వభావము కలది. వానకాలములో బిగువైన మూతగల డబ్బాలోనే నిలువచేయవలెను.

24 బిస్కట్లలో 90 గ్రాముల బెల్లమున్నది గనుక ఒక్కొకదానిలో 4 గ్రాములకు కొంచెము తక్కువ. ఆహారమునకు చేర్చుకొను చక్కెరలు దినమునకు సుమారు 25 గ్రాములకు లోబడి యుండుట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. కాఫీలోను, ఇతర తినుబండారములలోను చేరు తీపిని గూడ లెక్కించినచో, పూటకు రెండు బిస్కట్లు చాలునని తేలుచున్నది. వానిని తేనీటిలో ముంచుకొని తినుట పలువురకు అలవాటు. కాని తేయాకులోని కొన్ని పదార్థములు ధాన్యములందలి ఇనుమును శరీరము గ్రహింపనీయవు. జామకాయ గాని, నిమ్మరసము గాని తోడైనచో అందలి సి విటమిను ఇనుమును గ్రహించుటకు తోడ్పడును. ఏమి తినుచున్నామను దానితోపాటు దేనితో తినుచున్నామనునదియు ముఖ్యమే.

అంగడిలో కొనునప్పుడు సైతము ఈ పరిజ్ఞానము పనికివచ్చును. పొట్లముమీద రాగి, బెల్లము అను మాటలు పెద్ద అక్షరములతో నుండవచ్చును. పొట్లము వెనుకనున్న చిన్న అక్షరములను చదువవలెను. అందు వస్తువుల పేర్లను బరువును బట్టి, ఎక్కువగా నున్నదానిని ముందు వేయవలెనని నియమము కలదు. మొదటి పేరు మైదా, రెండవది పంచదార అయి, రాగి ఎక్కడనో చివర నున్నచో ఆ బిస్కట్టు పేరునకే రాగి బిస్కట్టు. ఇంటిలో ఒక్కసారియైనను పిండిని, తీపిని, క్రొవ్వును స్వయముగా తూచి చూచిన బాలబాలికలు ఆ చిన్న అక్షరముల భావమును తేలికగా గ్రహింపగలరు.