మందుల డబ్బా ఎక్కడ పెట్టాలి?

2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కోనసీమ లంక గ్రామాలకు పడవలే దిక్కయ్యాయి. అప్పుడు కాలికి గాజుపెంకు గుచ్చుకుంటే మందుల షాపుకు వెళ్లేదెలా? అందుకే ప్రథమ చికిత్స సామాను గట్టి మూతున్న డబ్బాలో, వరద నీళ్లూ చిన్నపిల్లల చేతులూ అందని ఎత్తులో ఉండాలి.

వంటగదిలో మాత్రం వద్దు. వేడి, తేమ మాత్రలను పాడుచేస్తాయి. కోనసీమ గాలిలో తేమ ఎలాగూ ఎక్కువే కాబట్టి వాటిని స్ట్రిప్పుల్లోంచి ముందుగా విప్పకూడదు.

గాజుగుడ్డ, దూది, ప్లాస్టర్లు, కత్తెర, థర్మామీటర్ సరే. లంకల్లో వీటికన్నా ముఖ్యం ఓఆర్ఎస్ పొట్లాలు! వరద నీరు తాగునీటిలో కలిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. పొట్లంలోని గ్లూకోజు, ఉప్పు కలిసి పేగు గోడను దాటతాయి. వాటి వెంటే నీరూ రక్తంలోకి చేరుతుంది. 1971లో పశ్చిమ బెంగాల్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణంతోనే ఎందరో కలరా రోగులను బతికించారు. పొట్లం మీద రాసినంత నీటినే, కాచి చల్లార్చి కలపాలి. 24 గంటలు దాటితే పారబోయాలి.

వరదకు పాములూ మెరక చేరతాయి. పాముకాటుకు ఈ డబ్బాలో మందు లేదు. గాటు పెట్టకుండా, తాడు బిగించకుండా, కాటు పడిన చోటు కదలనీయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. 108 నంబరు మూత మీదే రాసి ఉంచాలి.