యూదా బొమ్మ కాలిపోయాక...

దిష్టిబొమ్మ దహనం మనకు కొత్త కాదు. ప్రభుత్వంపై కోపం వస్తే గడ్డితో బొమ్మ కట్టి, నాయకుడి ఫొటో తగిలించి, శవయాత్ర జరిపి కూడలిలో నిప్పంటిస్తారు. కొన్నిచోట్ల ఉరి కూడా తీస్తారు. చేతికి అందని మనిషికి జనం వేసే మరణశిక్ష అది.

క్రైస్తవ లోకంలోనూ తరతరాలుగా తగలబడుతున్న దిష్టిబొమ్మ ఒకటుంది. అది ఇస్కరియోతు యూదాది. మెక్సికోలో గుడ్‌ఫ్రైడే మర్నాడు, కాగితపు గుజ్జుతో చేసిన బొమ్మలకు టపాసులు చుట్టి వీధుల్లో పేలుస్తారు. వాటిని ‘యూదాలు’ అంటారు. జనానికి గిట్టని రాజకీయ నాయకుల ముఖాలు కూడా వాటికి పెడతారు. ప్రసిద్ధ చిత్రకారుడు డీగో రివేరా (1886-1957) ఈ బొమ్మలను ఇష్టంగా సేకరించాడు. పెద్దలను ఎదిరించలేని సామాన్యుడికి ఆ బొమ్మ ఒక గొంతుక అయింది.

అన్యాయాన్ని బహిరంగంగా ఖండించడం తప్పు కాదు. యిర్మీయా ప్రవక్త యెరూషలేము పెద్దల ఎదుటే మట్టికూజాను పగలగొట్టి, రానున్న తీర్పును కళ్లకు కట్టాడు (యిర్మీయా 19). అయితే ఆ ప్రజల కోసం రాత్రింబగళ్లు ఏడవాలని కోరుకున్నదీ ఆయనే (9:1). కన్నీళ్లు లేని కోపం ఎటు పోతుందో 2019 గుడ్‌ఫ్రైడే నాడు పోలండ్‌లోని ప్రుఖ్నిక్‌లో కనిపించింది. అక్కడ యూదా బొమ్మను యూదు జాతిని వెక్కిరించే రూపంలో తయారుచేశారు. పిల్లలు సైతం కర్రలతో కొట్టారు. చివరికి దానిని తగలబెట్టారు. ఆ దేశ కేథలిక్ సంఘమే దీనిని ఖండించింది. యేసు, మరియ, పేతురు కూడా యూదులేనన్న సంగతి ఆ కర్రలకు గుర్తు రాలేదు.

దూరదేశం వారిని తప్పుపట్టి ఊరుకుందామా? ఏటా గుడ్‌ఫ్రైడే ప్రసంగాల్లో కాపరులమైన మేమూ యూదాను మాటలతో తగలబెడుతూనే ఉన్నాం. వినేవారు ‘ఆమేన్’ అంటూనే ఉన్నారు. మేడగదిలో మాత్రం అలా జరగలేదు. మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని ప్రభువు చెప్పినప్పుడు శిష్యుల్లో ఎవరూ పక్కవాడి వైపు వేలు చూపలేదు. అది నేనేనా అని ఒక్కొక్కరూ దుఃఖంతో అడిగారు (మత్తయి 26:22). ఆ రాత్రే పేతురు బొంకాడు, మిగతావారు పారిపోయారు. ప్రభువు యూదా పాదాలు కూడా కడిగాడు. అప్పగించే ఘడియలో సైతం అతణ్ని చెలికాడా అనే పిలిచాడు.

ఆ తర్వాత సైనికులు ఆయననే ఒక దిష్టిబొమ్మను చేశారు. ఊదారంగు వస్త్రం తొడిగి, ముళ్లకిరీటం పెట్టి, మోకాళ్లూని వెక్కిరించారు (మార్కు 15:17-20). బానిసలకూ తిరుగుబాటుదారులకూ రోమా వేసే సిలువ మరణశిక్షను ఆయనకు వేశారు. గడ్డిబొమ్మకు నొప్పి తెలియదు. ఆయనకు తెలిసింది. అయినా తనను చంపుతున్నవారిని క్షమించమని తండ్రిని వేడుకున్నాడు (లూకా 23:34).

బొమ్మ నిమిషాల్లో బూడిదవుతుంది. ద్వేషం మాత్రం లోపల రగులుతూనే ఉంటుంది. మనం ఏళ్ల తరబడి మాట్లాడని తోబుట్టువు, మొహం చాటేస్తున్న సంఘపెద్ద, గిట్టని పొరుగువాడు... ఇలా మన గుండెల్లో రోజూ కాలుతున్న బొమ్మలెన్ని? అన్యాయాన్ని ఎదిరిద్దాం. కానీ అగ్గిపుల్ల గీసే ముందు శిష్యులు అడిగిన ప్రశ్నను మనమూ అడుగుదాం: ప్రభువా, అది నేనేనా?