ఒకే కీ, రెండు ఫలితములు

బెల్జియము దేశీయులగు యోవాన్ డామెన్, విన్సెంట్ రైమెన్ రూపొందింపగా 2001 నవంబరులో అమెరికా ప్రభుత్వ ప్రమాణముగా వెలసిన ఏఈఎస్ అను గూఢీకరణ పద్ధతి నేడు లోకమంతటను వ్యవహారములో నున్నది. దాని గణితము సర్వత్ర ఒక్కటియే. అయినను పైథాన్ లైబ్రరీతో గూఢీకరించిన సందేశమునే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కమాండుతో గూఢీకరింపగా ఫలితములు పొసగక, ప్రోగ్రామర్లు దినములకొలది వ్యాకులపడుట కలదు. అట్టివేళ శంకింపవలసినది గణితమును గాదు, దానికి మనమందించిన బైట్లను.

అన్నిటికంటె తరచుగ ఎదురగు చిక్కు, పాస్‌వర్డునే కీగా భావించుట. లైబ్రరీ సాధారణముగా సిద్ధమైన కీని కోరును. కమాండు మాత్రము, పాస్‌వర్డు నిచ్చితిమేని, 8 బైట్ల సాల్టును యాదృచ్ఛికముగా కల్పించి, రెంటిని కలిపి హాష్ చేసి, అందుండి కీని, ఐవీ అను ఆరంభ విలువను తానే పుట్టించుకొనును. అందుచేతనే అదే సందేశమును మరల గూఢీకరించినను ఫలితము మారుచుండును. ఫైలు మొదట ‘సాల్టెడ్’ అను మాట కనబడినచో కారణ మిదియే యని గ్రహింపవచ్చును. పైగా ఆ హాష్ పూర్వము ఎండీ5. 2016లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.0 సంచిక మొదలు షా-256. కనుక ఒకే ఉపకరణపు పాత, కొత్త సంచికలు సైతము, హాష్ పేరు స్పష్టముగ చెప్పనిచో, ఒండొంటి ఫైళ్లను విప్పజాలవు.

కీనే నేరుగ నిచ్చినప్పుడు మరియొక ప్రమాదము పొంచియుండును. 32 హెక్స్ అంకెలను కమాండు 16 బైట్లుగా చదువును. వానినే లైబ్రరీకి అక్షరములుగా నిచ్చినచో అవి 32 బైట్లగును. అది ఏఈఎస్-256కు తగిన పొడవే యగుటచే, పెక్కు లైబ్రరీలు ఏ అభ్యంతరమును తెలుపక, ఏఈఎస్-128 బదులు దానినే నడిపించును. ఈ మౌనాంగీకారమే నాకు మిక్కిలి ఆందోళనకరముగ దోచును. దోషమును చూపి నిలిచిపోవుటయే ఉపకరణమునకు ధర్మము.

ఇక సందేశము. ‘అమ్మ’ అను మాట యూటీఎఫ్-8లో 12 బైట్లు; ఎకో కమాండుతో పంపినచో, మనము కోరకయే వచ్చి చేరిన కొత్తవరుస గుర్తుతో 13. ఆ ఒక్క బైటుచే, ఖండమును నింపుటకై చేర్చు పాడింగును మారి, 16 బైట్ల ఖండమంతయు వేఱగును.

కావున పరీక్షను ప్రమాణగ్రంథములోని ఉదాహరణముతోనే ఆరంభింపవలయును: 00 నుండి 0ఎఫ్ వఱకు 16 బైట్ల కీ, 00, 11, 22 అనుచు ఎఫ్ఎఫ్ వఱకు సాగు సందేశము. ఒక్కొక్క ఖండమును విడిగ గూఢీకరించు ఈసీబీ విధానమున, పాడింగు లేకుండ, ఫలితము 69, సీ4, ఈ0, డీ8 అని మొదలుకావలయును. ఇచట లైబ్రరీయు కమాండును ఏకీభవించి, తమ సందేశమువద్ద మాత్రమే విభేదించినచో, కీని, ఐవీని, సందేశమును హెక్స్ రూపమున ముద్రించి ఒక్కొక్క బైటును సరిచూచిన జాలును.