గోదావరి గాలిలో కారు బ్రేకు

సంక్రాంతి సెలవులు అయిపోగానే కోనసీమ ఊళ్లలో చాలా కార్లు కొబ్బరిచెట్ల నీడనో, రేకుల షెడ్డు కిందో నిలబడిపోతాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. పెద్దవాళ్లు నెలకోసారి అమలాపురం దాకా వెళ్లొస్తే గొప్ప. ఏడాది తిరిగేసరికి మీటరు మీద అంకె పెద్దగా మారదు. "బండి తిరిగిందే లేదు, బ్రేకులకేమవుతుంది?" అని ఇంటివాళ్ల ధీమా. డెల్టాలో ఆ ధీమా పనికిరాదు. తిరిగే కారుకు బ్రేకులు అరుగుతాయి, నిలబడిన కారుకు బ్రేకులు పాడవుతాయి. రెండోది బయటికి కనబడదు కాబట్టి దాంతోనే ప్రమాదం ఎక్కువ. దీనికంతటికీ మూలం నీరు. అదెలాగో తెలియాలంటే ముందు బ్రేకు చేసే పనేమిటో చూడాలి.

వేగం ఎక్కడికి పోతుంది?

కదిలే కారులో గతిజశక్తి ఉంటుంది. దాన్ని వేడిగా మార్చి గాలిలోకి వదిలేయడమే బ్రేకు పని. వెయ్యి కిలోల కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అందులో ఉన్న శక్తి సుమారు 247 కిలోజౌళ్లు. ముప్పావు లీటరు పైచిలుకు నీళ్లను మరిగించడానికి అది చాలు. గట్టిగా బ్రేకు వేస్తే ఆ వేడంతా కొద్ది సెకన్లలో డిస్కుల్లోకీ డ్రమ్ముల్లోకీ చేరుతుంది. వేగం రెట్టింపైతే శక్తి రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది.

చదునైన డెల్టాలో బ్రేకుకు మధ్యమధ్య చల్లబడే వ్యవధి దొరుకుతుంది. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి మీదుగా చింతూరు వైపు ఘాట్ రోడ్డు ఎక్కితే పరిస్థితి వేరు. 1200 కిలోల కారు 300 మీటర్ల ఎత్తు కిందికి దిగిందంటే 3500 కిలోజౌళ్ల శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. పై లెక్కన అది పన్నెండు లీటర్ల నీళ్లను మరిగించే వేడి. గేరు తగ్గించి దిగితే అందులో పెద్ద భాగాన్ని ఇంజనే తీసుకుంటుంది. టాప్ గేరులో కాలు పెడల్ మీదే ఉంచి దిగితే భారమంతా డిస్కును బిగించే ప్యాడ్ల మీద పడుతుంది. పెట్రోలు కలిసొస్తుందని ఇంజను ఆపి న్యూట్రల్‌లో దిగడం ప్రాణాలతో చెలగాటం. మన కాలి బలానికి తోడుండే బూస్టర్‌కు వ్యాక్యూమ్ అందేది ఇంజను నడుస్తున్నప్పుడే. ఇంజను ఆగాక ఒకటి రెండు నొక్కులకు ఆ తోడు అయిపోతుంది, పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

బ్రేక్ ఆయిల్‌లో చేరే నీరు

కాలి బలం చక్రం దాకా చేరేది ద్రవం ద్వారా. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పాడు. పెడల్ వైపున్న మాస్టర్ సిలిండర్ వ్యాసం 20 మిల్లీమీటర్లు, చక్రం దగ్గర ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ పిస్టన్ వ్యాసం 50 మిల్లీమీటర్లు అనుకుంటే, నెట్టిన బలం అవతల ఆరు రెట్లకు పైగా పెరుగుతుంది. ద్రవం అణగదు కాబట్టే ఇది సాధ్యం. ఆవిరి మాత్రం అణుగుతుంది. గొట్టంలో ఆవిరి బుడగలు పుట్టాయంటే పెడల్ నేల దాకా దిగిపోతుంది గానీ ప్యాడ్ డిస్కును పట్టదు.

మనం బ్రేక్ ఆయిల్ అని పిలుస్తున్నా నిజానికి అది నూనె కాదు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలన్నీ గ్లైకాల్ ఈథర్ జాతి ద్రవాలు. వీటికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. రబ్బరు గొట్టాల్లోంచీ, డబ్బా మూతకుండే సన్నటి రంధ్రంలోంచీ తేమ నెమ్మదిగా లోపలికి చేరుతుంది. కొత్త డాట్ 3 మరగాలంటే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అందులో 3.7 శాతం నీరు కలిసిందా, 140 డిగ్రీలకే మరిగినా డాట్ ప్రమాణం ప్రకారం సరిపోయినట్టే. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఈ తేడా ఎవరికీ తెలియదు. కుటుంబంతో మారేడుమిల్లి ఘాట్ దిగుతున్నప్పుడు తెలుస్తుంది.

గోదావరి జిల్లాల గాలి ఎంత తేమగా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఓ పక్క సముద్రం, ఓ పక్క నది, మధ్యలో నీళ్లు నిలిచిన వరిచేలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఈ గాలిలో ద్రవం వయసును కిలోమీటర్లతో కొలిస్తే కుదరదు, క్యాలెండరుతో కొలవాలి. కారు తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్పించాలి.

విప్పి చూస్తే

నీరు లోపలి ద్రవంతో ఆగదు, బయటి ఇనుము మీదా పనిచేస్తుంది. అందులో ఉప్పు కలిస్తే తుప్పు మరింత వేగంగా పడుతుంది. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే బీచ్ రోడ్డు మీద అల తుంపర కారు మీదే పడుతుంది. భీమవరం వైపు చేపల లోడు లారీల నుంచి కారే నీళ్లు రోడ్డును తడుపుతూనే ఉంటాయి.

ఇలాంటి చోట తిరిగిన కారు ముందు చక్రం ఊడదీసి క్యాలిపర్‌ను పరీక్షగా చూడండి. దాన్ని పట్టుకుని ఉండేవి రెండు గైడ్ పిన్నులు. చిటికెన వేలంత లావుంటాయి, చుట్టూ మడతల రబ్బరు తొడుగు. తొడుగు బాగుంటే పిన్ను గ్రీజుతో నిగనిగలాడుతూ వేలితో లాగితే చాలు, జారి వస్తుంది. తొడుగు ఎక్కడైనా చిట్లితే లోపలికి తేమ చేరి, గ్రీజు ఎండిపోయి, పిన్ను ఎర్రటి తుప్పుతో పట్టేసి ఉంటుంది. అప్పుడు క్యాలిపర్ జరగదు. లోపలివైపు ప్యాడ్ రేకు దాకా అరిగిపోతే బయటివైపు ప్యాడ్ కొత్తదిలా మిగులుతుంది. బండి ఒక పక్కకు లాగినా, ఒక చక్రం మాత్రమే కాలిపోయేంత వేడెక్కినా ముందు అనుమానించవలసింది ఈ పిన్నునే.

రాత్రి వాన కురిశాక పొద్దున డిస్కు మీద కనిపించే పలుచని తుప్పుపొరకు బెంగ అక్కర్లేదు. నాలుగు బ్రేకులు వేస్తే అదే పోతుంది. వారాల తరబడి హ్యాండ్ బ్రేకు వేసి వదిలేసిన కారులో మాత్రం వెనక షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు చదునైన చోట ఆపి, గేరులో పెట్టి, చక్రాలకు అటూ ఇటూ చెక్కదిమ్మలు ఊతం పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేయడం మేలు.

నూటయాభై కార్లలో ఒకటి

మన కార్లు వేడిగా వదిలేసే శక్తిని దాచుకునే కార్లూ ఉన్నాయి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ తరం పందెపు కార్లను వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకు అవసరం లేకుండా రూపొందించారు. వేగం తగ్గించేటప్పుడు మోటార్లే జనరేటర్లుగా మారి, గరిష్ఠంగా 600 కిలోవాట్ల దాకా శక్తిని బ్యాటరీకి తిప్పి పంపుతాయి. వేడిగా పారేసే శక్తిని మళ్లీ వాడుకోవడమన్నమాట.

మహీంద్రా సంస్థకు చెందిన పినిన్‌ఫరీనా తయారుచేసిన విద్యుత్ కారు బతిస్తా ఆ కోవలోదే. మొత్తం 150కి మించి తయారు చేయబోమని ప్రకటించారు. 1900 హార్స్‌పవర్. వంద కిలోమీటర్ల వేగం నుంచి 31 మీటర్లలో ఆగుతుందని తయారీదారు లెక్క. దీని డిస్కులు కార్బన్ సిరామిక్‌వి. కార్బన్ పోగులతో గట్టిపరచిన సిలికాన్ కార్బైడ్ అది. పోత ఇనుము కన్నా బాగా తేలిక, తుప్పు పట్టదు, వేడికి పట్టు సడలదు.

31 మీటర్ల ఘనత మాత్రం డిస్కుది ఒక్కదానిదే కాదు. ఏ కారైనా చివరికి ఆగేది టైరు రోడ్డును పట్టుకున్నంత మేరకే. మన చిన్న కారు బ్రేకుకూ చక్రాన్ని బిగబట్టేంత బలం ఉంది. ఆపైన ఆగే దూరాన్ని నిర్ణయించేది టైరు, రోడ్డు. ఖరీదైన డిస్కు పనితనం పందెపు బాటలో మళ్లీమళ్లీ బ్రేకు వేసినప్పుడు బయటపడుతుంది.

ఇంకో సంగతి. అరుదైన స్పోర్ట్స్ కార్లు కొన్నవాళ్లు వాటిని నడిపేది తక్కువ, దాచుకునేది ఎక్కువ. చాలావాటిలో ఉండేది మన కార్లలోని గ్లైకాల్ జాతి ద్రవమే. గ్యారేజీలో నిలబడినా అది తేమ పీలుస్తూనే ఉంటుంది. కోట్ల రూపాయల కారుకైనా, కొబ్బరిచెట్టు కింది పాత కారుకైనా ఈ ఒక్క విషయంలో నియమం ఒకటే.

మన రోడ్ల పట్టు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతటా విస్తరించిన కాలువల గట్లే చాలా ఊళ్లకు రోడ్లు. బండి రెండు మీటర్లు అటు జరిగితే కాలువలో ఉంటుంది. కోతల రోజుల్లో ఆ రోడ్ల మీదే ధాన్యం ఆరబోస్తారు. గింజలు టైరు కింద దొర్లి రోడ్డు పట్టును బాగా తగ్గిస్తాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 20 మీటర్లలో ఆగే కారు, పట్టు సగమైతే 40 మీటర్లు తీసుకుంటుంది. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉంటే స్టీరింగు మన చేతిలో ఉంటుంది గానీ గింజల మీద ఆగే దూరం తగ్గదు. అక్కడ పనిచేసే మందు ముందుగా వేగం తగ్గించడమే.

మన చేతులతో ఎంతవరకు?

కొంత పని ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు. బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బాలో మట్టం చూడండి. కనిష్ఠ గీత కంటే తగ్గిందంటే ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. రెంటిలో ఏదో తేల్చకుండా పైన పోసేసి ఊరుకోవద్దు. తేనెరంగు పోయి నల్లబడితే మార్చే వేళ దాటిందని అర్థం. కొత్త ప్యాడ్ మందం పది మిల్లీమీటర్ల పైచిలుకు. మూడు మిల్లీమీటర్లకు దిగితే మార్చేయాలి.

ముందు ప్యాడ్లు మార్చడం ఓపిక, సరైన సామాను ఉన్నవాళ్లకు అసాధ్యం కాదు. గట్టి నేల మీద నిలిపి, చక్రాలకు ఊతం పెట్టి, జాకీతో ఎత్తాక తప్పనిసరిగా ఇనుప స్టాండ్ల మీద దించాలి. ఇటుకలు, దుంగల మీద ఎన్నడూ నిలపొద్దు. విప్పిన క్యాలిపర్‌ను రబ్బరు గొట్టానికి వేలాడదీయకుండా తీగతో పైకి కట్టాలి. దుమ్మును నోటితోగానీ గాలి కొట్టిగానీ ఎగరగొట్టొద్దు. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవాలి. పిస్టన్ లోపలికి నెట్టేటప్పుడు డబ్బాలో ఆయిల్ పైకి పొంగి పెయింటును తినేస్తుంది, చూసుకోవాలి. పిన్నులకు బ్రేక్ గ్రీజు మాత్రమే వాడాలి. ప్యాడ్ ముఖానికీ డిస్కుకూ గ్రీజు మరక కూడా తగలకూడదు.

అన్నీ బిగించాక బండి కదపకముందే పెడల్ గట్టిపడేదాకా నొక్కి నొక్కి వదలాలి. వెనక్కి నెట్టిన పిస్టన్ ప్యాడ్ దాకా వచ్చేది అప్పుడే. ఇది మరిచి బండి తీస్తే మొదటి బ్రేకుకు ఏమీ ఉండదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి నెమ్మదిగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ కొన్నిసార్లు చేస్తే కొత్త ప్యాడ్ డిస్కుకు కుదురుకుంటుంది.

ఆయిల్ మార్చి ఎయిర్ తీయడం, మాస్టర్ సిలిండర్, ఏబీఎస్ యూనిట్, ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు ఉన్న వెనక చక్రాలు: ఇవి తెలిసిన మెకానిక్ పని. పెడల్ మెత్తబడినా, మెల్లగా కిందికి దిగిపోతున్నా ఆ బండిని షెడ్డు దాకా కూడా నడపొద్దు, మెకానిక్‌నే ఇంటికి పిలవండి. తొలకరికి ముందు ఒకసారి, సంక్రాంతి ప్రయాణాలకు ముందు ఒకసారి చక్రాలు విప్పి చూసుకోండి. వరద నీళ్లు దాటి వచ్చిన కారైతే అదే వారంలో చూపించండి. బ్రేక్ ఆయిల్ మార్చిన తేదీని చిన్న కాగితం మీద రాసి బానెట్ లోపల అంటించండి. కారు మన తర్వాత ఎవరి చేతికి వెళ్లినా ఆ తేదీ వాళ్లకు పనికొస్తుంది.