స్కానింగ్ చేసే మరచేయి

1955లో గ్లాస్గో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, ఆపరేషన్లలో తీసిన కణితులను కారు డిక్కీలో వేసుకుని బాయిలర్ల ఫ్యాక్టరీకి వెళ్లారు. లోహంలో పగుళ్లు పట్టే అల్ట్రాసౌండ్ పరికరం నీటి తిత్తికీ గట్టి గడ్డకూ తేడా చెప్పగలదా అని చూడాలనుకున్నారు. చెప్పింది! ఇంజినీరు టామ్ బ్రౌన్ ఆయనకు తోడయ్యాడు. 1958లో వాళ్ల ఫలితాలు వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చాయి.

ఒంటికి ఆనించే ప్రోబ్‌ను చేత్తో తిప్పుతున్నంతకాలం బొమ్మ ఆ చేతి నైపుణ్యం మీదే ఆధారపడుతుందన్న అనుమానం మాత్రం మిగిలింది. అందుకే బ్రౌన్, ప్రోబ్ తనంతట తానే పొట్ట మీద కదిలే యంత్రాన్ని తయారుచేశాడు. 1960లో లండన్‌లో దాన్ని ప్రదర్శించారు. నిర్మాణం జటిలం, ఖర్చు ఎక్కువ. చేత్తో నడిపే యంత్రమే నిలిచింది.

ఆ ఆలోచనకు మళ్లీ ప్రాణం పోసింది దూరం. 2005 నాటికి ఫ్రాన్స్‌లో ఫిలిప్ అర్బెయ్ బృందం ఉపగ్రహం ద్వారా రోబో చేతిని నడిపి గర్భిణులకు స్కాన్ చేసింది. ఆ పరిశోధనల దారిలో వచ్చినదే ‘మెలొడీ’ రోబో. గర్భిణి దగ్గరున్న సహాయకురాలు రోబో ఫ్రేమ్‌ను పొట్టకు ఆనించి పట్టుకుంటుంది. ఎక్కడో ఉన్న సోనోగ్రాఫర్, అంటే స్కానింగ్ నిపుణురాలి చేతిలో ఉండేది నమూనా ప్రోబ్. ఆమె దాన్ని వంచితే ఇక్కడ అసలు ప్రోబ్ వంగుతుంది, తిప్పితే తిరుగుతుంది. ఇద్దరూ వీడియోలో మాట్లాడుకుంటూనే ఉంటారు.

2020లో కొవిడ్ కెనడాలోని లా లోష్ అనే మారుమూల ఊరిని చుట్టుముట్టింది. గర్భిణులు కదల్లేరు, స్కానింగ్ చేసేవాళ్లు రాలేరు. అప్పుడు 605 కిలోమీటర్ల దూరం నుంచి రోబోతో 21 స్కాన్లు చేశారు. వాటిలో 81 శాతం రోగనిర్ధారణకు సరిపోయాయి. మిగిలినవారికి మళ్లీ పరీక్ష అవసరమైంది. ప్రయాణమే ఆగిపోయిన చోట ఇది చిన్న విజయం కాదు.

మనిషి చెయ్యి అసలే లేకుండా స్కాన్ చేయడం ఇంకా కష్టం. కడుపులో బిడ్డ ఒకేచోట ఉండదు. ఎంత నొక్కితే బొమ్మ తేటపడుతుందో, ఎక్కడ ఆపకపోతే తల్లికి నొప్పెడుతుందో అనుభవమున్న చేతికి తెలుసు. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు ‘ఐఫైండ్’ ప్రాజెక్టులో రెండు చేతుల రోబోను తయారుచేశారు. అది మొత్తం 17 రకాలుగా కదలగలదు. ఒత్తిడి హద్దు దాటితే పట్టు సడలిపోయే క్లచ్‌లను దాని కీళ్లలో అమర్చారు. సాఫ్ట్‌వేర్ మొరాయించినా తల్లికి హాని జరగకూడదన్న ఆ జాగ్రత్త మెచ్చుకోదగినది.

మన ఏజెన్సీ గూడేల నుంచి, బిడ్డలో లోపాలను చూసే టిఫా స్కాన్ కోసం కొండ దిగి వచ్చే గర్భిణులకూ దూరం నుంచి నడిపే రోబో పనికొస్తుంది. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం ప్రకారం నమోదైన కేంద్రంలోనే స్కానింగ్ జరగాలి. ఆడపిల్లలను కాపాడే ఆ చట్టాన్ని సడలించనక్కర్లేదు. ఏజెన్సీలో నమోదైన ప్రభుత్వ ఆసుపత్రి ఒక్కటి ఎంచుకుని, అక్కడ దూరం నుంచి స్కానింగ్ చేసే రోబోను ప్రయోగాత్మకంగా పెట్టే పని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ మొదలుపెట్టాలి.